వారం మాత్ర రోజూ మింగితే...

కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు డాక్టర్లు తరచూ రాసే మందు మెథోట్రెక్సేట్. వేళ్లు వంకర్లు పోకుండా కాపాడే మంచి మందు. అయితే పెద్ద వయసువాళ్లలో చిన్న పొరపాటు జరిగినా రక్తకణాలు పుట్టే ఎముకల మూలుగను దెబ్బతీయవచ్చు.

అపోహ: మాత్ర అన్నాక రోజూ వేసుకోవాల్సిందే.

వాస్తవం: ఈ జబ్బులకు దీన్ని వారంలో ఒక్క రోజే వేసుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలున్న డబ్బాలోనే దీన్నీ పడేస్తే రోజూ లోపలికి పోతుంది. దీనికి తోడుగా రాసే ఫోలిక్ యాసిడ్‌తో తారుమారు కావడం మరీ తేలిక. ఫోలిట్రాక్స్ అంటే మెథోట్రెక్సేట్, ఫోల్వైట్ అంటే ఫోలిక్ యాసిడ్. చూపు ఆనని కళ్లకు ఆ రెండు పేర్లూ ఒకేలా కనిపిస్తాయి. కొద్ది రోజులు వరసగా మింగినా తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇలాంటి పొరపాట్ల వల్లనే 2019లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ ప్యాకెట్ల మీద హెచ్చరిక ఉండాలని సూచించింది.

అపోహ: నోరు పూసిందంటే వేడి చేసినట్టే.

వాస్తవం: మన ఇళ్లలో ప్రమాదమంతా ఈ మాట దగ్గరే ఉంది. మామ్మ కారం తినలేకపోతోందంటే మజ్జిగ ఇస్తాం, సబ్జా నీళ్లు తాగిస్తాం, బీకాంప్లెక్స్ తెచ్చిపెడతాం. ఈలోగా నాలుగు రోజులు గడిచిపోతాయి. మూలుగలో లాగే నోటి లోపలి పొరలోనూ కణాలు వేగంగా పుడుతుంటాయి. మందు ఎక్కువైతే రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. లోపల కనపడని నష్టాన్ని చాలాసార్లు నోరే ముందు బయటపెడుతుంది. ఈ మందు వాడేవాళ్లకు నోటిపూత, జ్వరం, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి, ఆ రోజే డాక్టర్‌కు చూపించి, రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ పరీక్ష చేయించాలి.

అపోహ: ఏళ్లుగా పడుతోంది, ఇప్పుడేం చేస్తుంది?

వాస్తవం: మందు మారకపోయినా మూత్రపిండాలు మారతాయి. ఈ మందును బయటికి పంపేవి ప్రధానంగా అవే. విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గితే మందు లోపలే నిలిచిపోతుంది. కండ తగ్గిన వృద్ధుల్లో క్రియాటినిన్ నార్మల్‌గా కనిపించినా మూత్రపిండాల పనితీరు తగ్గి ఉండొచ్చు. మూత్రంలో మంటకు వాడే సెప్ట్రాన్ లాంటి సల్ఫా మాత్రలు దీనితో కలిస్తే మూలుగకు మరింత ముప్పు.

అపోహ: ఎక్కువైతే ఫోలిక్ యాసిడ్ విరుగుడు.

వాస్తవం: కాదు. విరుగుడు ల్యూకోవొరిన్, దాన్ని ఆసుపత్రిలోనే ఇవ్వాలి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే ఇవాళే వాళ్ల మందుల డబ్బా తెరిచి చూడండి. ఈ మాత్రల్ని వేరే డబ్బాలో పెట్టి, డాక్టర్ చెప్పిన రోజు పేరు రాసి, పక్కనే ‘ఆ ఒక్క రోజే’ అని పెద్ద అక్షరాలతో అంటించండి.