సర్పంచిగారి ముద్ర

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి దారిన వెళ్తే, ఫ్యాక్టరీ గొట్టాల వెనక హద్దురాళ్లు పాతిన పొలాలు కనబడతాయి. ఎందరో ఉద్యోగస్థుల కూడబెట్టిన సొమ్ము ఆ రాళ్ల మధ్యనే వున్నది. కాగితం మీద గ్రామ పంచాయతీ ముద్ర చూసి, ‘సర్కారు ముద్రేగదా!’ అని కొన్నారు.

ఆ ముద్ర చాలదట! యిక్కడి లేఅవుట్లకు అనుమతి 2008లో ఏర్పడిన హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ యివ్వాలి. దాని అధ్యక్షులు సాక్షాత్తూ ముఖ్యమంత్రిగారే. 2020 ఆగస్టులో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపి, క్రమబద్ధీకరణకు వెయ్యి రూపాయలతో దరఖాస్తు పెట్టుకొమ్మన్నారు. రాష్ట్రమంతటా సుమారు పాతిక లక్షలమంది పెట్టుకున్నారు. అసలు రుసుము వేరే లెండి! నాలుగేళ్లు దాటాక, 2025 మార్చిలో, అందులో నూటికి 25 వంతులు తగ్గించారు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణలో పురపాలక సంఘాల పనుల పట్టిక వున్నది. అందులో మొదటిది పట్టణ ప్రణాళికే. కాని రాష్ట్రం యిస్తేనే అది వారి చేతికి వస్తుంది.

అలాగని అంతా ఊరికే వదలమనను. చెరువు శిఖం ఎక్కడిదాకానో ఊరివారికి తెలుసు; తెలిసినా మొహమాటాలుంటాయి. పైవారికి మొహమాటం తక్కువ, చెరువు తెలియదు. అనుమతి పత్రంలో పైవారి సంతకంతోపాటు, వాననీరు ఎటు పారుతుందో చెప్పే వార్డు సభ్యుని మాట కూడా ఎక్కాలంటాను.