రాజనీతిశాస్త్ర పరిశోధనవ్యాసం: రాతప్రతి తయారీ, ఆధారసూచన - అనంతపురం కరవుసీమ ఉదాహరణలు

సంగ్రహం:
అనంతపురం కరవు రాజకీయాలపై రాసే వ్యాసాలకు ఆధారమయ్యే పత్రాల్లో జిల్లా సరిహద్దులు, ప్రాంత నామాలు, వ్యక్తినామాల రూపాలు కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. ఆ మార్పులను సూచించని వ్యాసంలో వాదం బలహీనపడుతుంది. రాతప్రతిని పత్రికకు పంపేముందు పరిశోధకులు సరిచూసుకోవలసిన అంశాలను ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది.

కీలకపదాలు: రాతప్రతి, ఆధారసూచన, అనంతపురం, కరవు, శ్రీబాగ్ ఒడంబడిక, ప్రాథమిక ఆధారాలు.

1. ఉపోద్ఘాతం:
దేశంలో జైసల్మేర్ తరువాత అతితక్కువ వర్షం కురిసే జిల్లా అనంతపురమేనన్న మాట వ్యాసాల్లోనూ ప్రసంగాల్లోనూ తరచుగా వినిపిస్తుంది. దానికి ఆధారంగా ఒక వ్యాసం మరొక వ్యాసాన్ని చూపుతుంది. వర్షపాత పట్టికను చూపేవి అరుదు. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. బాడ్‌మేర్, బికనేర్, లేహ్ జిల్లాల్లో వర్షం అంతకంటే చాలా తక్కువ. కాబట్టి ఆ వాక్యం యథాతథంగా నిలవదు. సాగునీటి వాటా, కరవు సహాయం వంటి న్యాయమైన డిమాండ్లను ఈ వాక్యంపై నిలబెడితే, సమీక్షకుడు దీన్ని తోసిపుచ్చినప్పుడు అసలు వాదంపైనే అనుమానం కలుగుతుంది. వర్షాల మధ్య దీర్ఘ విరామాలు, వర్షాధార వేరుశనగపై ఆధారపడటం వంటి బలమైన అంశాలు కూడా దాంతోపాటు మరుగున పడతాయి.

2. వాద నిర్మాణం:
'అనంతపురంలో కరవు' అన్నది విషయం మాత్రమే. 'పంటల బీమా పరిహారంలో కౌలురైతు స్థానం ఏమిటి?' అన్నది పరిశోధన ప్రశ్న. రాజనీతిశాస్త్ర పత్రికలు అధికారం, సంస్థలు, విధాన నిర్ణయాలకు సంబంధించిన ప్రశ్నను ఆశిస్తాయి. సిద్ధాంతగ్రంథంలోని అధ్యాయాన్ని యథాతథంగా పంపకుండా, ఒక ప్రశ్నకు సమాధానమిచ్చే భాగాన్ని మాత్రమే వేరుచేసి తిరగరాయాలి. రచయిత పేరు తెలియకుండా సమీక్ష జరిపే పత్రికలకు పంపేటప్పుడు కృతజ్ఞతలను, 'నా పూర్వవ్యాసంలో' వంటి మాటలను తొలగించాలి. పూర్వరచనను ప్రథమపురుషలో ప్రస్తావించాలి.

3. సరిహద్దుల సమస్య:
అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుంచి ఏర్పడింది. కనుక 1876-78 మహాకరవు నాటి ఈ ప్రాంత వివరాలను బళ్ళారి పేరిట ఉన్న పత్రాల్లో వెదకాలి. డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1905లో వెలువరించిన గెజిటీర్‌లోని జిల్లాలో కదిరి తాలూకా లేదు. అది 1910లో కడప జిల్లా నుంచి చేరింది. రాయదుర్గం ఆంధ్రరాష్ట్ర అవతరణతో 1953లో కలిసింది. 2011 జనాభా లెక్కల్లోని 40,81,148 మంది 63 మండలాల ఉమ్మడి జిల్లాకు చెందినవారు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. పాత గణాంకాలను నేటి జిల్లాతో పోల్చితే ఆ తగ్గుదల కరవు వల్ల వచ్చినదో, విభజన వల్ల వచ్చినదో పాఠకుడికి తెలియదు. ప్రతి పట్టిక కింద సంవత్సరంతోపాటు 'ఉమ్మడి జిల్లా' లేదా 'విభజనానంతర జిల్లా' అని రాయాలి.

4. పేర్ల సమస్య:
'రాయలసీమ' అన్న పేరును 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారు. అంతకుముందు పత్రాల్లో కనిపించేది 'దత్తమండలాలు'. ఉద్ధరణలో మూలంలోని పేరునే ఉంచి, వివరణను వేరుగా ఇవ్వాలి.

వ్యక్తినామాల్లో ఇంటిపేరు ముందుండటం మరో చిక్కు. తరిమెల నాగిరెడ్డిని పాశ్చాత్య పద్ధతిలో 'రెడ్డి, టి. ఎన్.' అని రాస్తే, పేరులోని భాగం ఇంటిపేరుగా మారి వేర్వేరు రచయితలు ఒకే అక్షరక్రమంలో కలిసిపోతారు. 'నాగిరెడ్డి, తరిమెల' అన్న రూపం స్పష్టం. ఏ రూపం ఎంచుకున్నా వ్యాసమంతటా అదే పాటించాలి. ఆంగ్ల పత్రికకు పంపేటప్పుడు తెలుగు గ్రంథనామాన్ని రోమన్ లిపిలో రాసి, అర్థాన్ని పక్కన ఇవ్వాలి.

5. ప్రాథమిక ఆధారాలు:
1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికను ప్రస్తావించే రచయితల్లో పలువురు దాని పాఠాన్ని మరో గ్రంథం ద్వారానే చదివి ఉంటారు. అలాంటప్పుడు చదివిన గ్రంథాన్నే సూచించి, ఒడంబడిక అందులో ఉద్ధృతమైనదని చెప్పడం నిజాయితీ. కృష్ణా, తుంగభద్ర జలాలపై ఒడంబడికలో ఉన్న మాట వేరు, తరువాతి నాయకులు దానికి చెప్పిన భాష్యం వేరు. రెండింటికీ వేర్వేరు ఆధారాలు చూపాలి.

ప్రభుత్వ ఉత్తర్వుకు శాఖ, సంఖ్య, తేదీ. శాసనసభ చర్చకు సంపుటం, తేదీ, పుట. దినపత్రిక వార్తకు తేదీ, పుటలతోపాటు ఏ సంచిక అన్నదీ తప్పనిసరి. జిల్లా పుటల్లో వచ్చిన వార్త మరో ఊరి సంచికలో ఉండకపోవచ్చు. రైతులతో జరిపిన ముఖాముఖికి తేదీ, మండలం చాలు. అప్పులు, ఆత్మహత్యల వంటి విషయాల్లో పేరు, ఊరు గోప్యంగా ఉంచాలి.

6. ముగింపు:
ఏపీఏ, షికాగో వంటి శైలుల్లో పత్రిక కోరినదాన్ని అనుసరించడం సులభం. కామాలు, కుండలీకరణాలు చివర్లోనైనా సరిచేయవచ్చు. ఆధారాన్ని చూసిన రోజునే పుట, సంవత్సరం, సరిహద్దు రాసుకోకపోతే ఆ లోటు తరువాత పూడదు. కరవుసీమ గురించిన ప్రతి అంకె ఎవరికో నీరు, పరిహారం, ప్రాతినిధ్యం దక్కడానికి సంబంధించినది. పాఠకుడు ఆ అంకెను వెదికి అదేచోట చూడగలిగినప్పుడే వాదానికి బలం చేకూరుతుంది.