దూలంలో ఉక్కు వాటా ఎంత?

ఐ ఆకారపు ఉక్కు గడ్డర్లు ఇంకా అంత చవకగా దొరకని 19వ శతాబ్దంలో బ్రిటన్, అమెరికా వడ్రంగులు ఒక ఉపాయం వాడేవారు. రెండు చెక్క దూలాల మధ్య ఇనుప ప్లేటును నిలువుగా నిలబెట్టి, మూడింటినీ కలిపి బోల్టులు బిగించేవారు. దీని పేరు ఫ్లిచ్ బీమ్. పాత ఇళ్లను బాగుచేసేటప్పుడు, దూలం ఎత్తు పెంచే వీల్లేనిచోట ఇప్పటికీ ఇది అక్కరకొస్తుంది.

చూడ్డానికి వడ్రంగి పనే. పేచీ అంతా బరువు పంపకంలో ఉంది. బోల్టులు బిగించాక చెక్కా, ఉక్కూ ఒకేలా వంగక తప్పదు. అందుకే ఎవరి బలాన్ని బట్టి వారికి బరువు పడదు. వంగనని ఎవరెంత మొండికేస్తే వారి నెత్తిన అంత పడుతుంది. ఈ మొండితనానికి కొలత యంగ్ గుణకం. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్, మంచి కలపకు సుమారు 10. అంటే 10 మి.మీ. ప్లేటును ఇంజనీరు కాగితం మీద 200 మి.మీ. మందమున్న చెక్కగా రాసుకోవచ్చు.

ఒక లెక్క చూద్దాం. 75 మి.మీ. మందం, 225 మి.మీ. ఎత్తు ఉన్న చెక్కలు రెండు, నడుమ 10 మి.మీ. మందం, 200 మి.మీ. ఎత్తు ఉన్న ప్లేటు. వంపుకు ఎదురునిలవడంలో ఆ పలుచటి ప్లేటు వాటా 48 శాతం! చెక్క అంచున ప్రతిబలం (స్ట్రెస్) 8 మెగాపాస్కల్ దాటకూడదనుకుంటే, 4 మీటర్ల గదికి వేసిన ఉత్త చెక్క దూలం మీటరుకు అర టన్ను మోస్తుంది. ప్లేటు పడితే టన్ను.

ప్లేటును చెక్కకన్నా పొట్టిగా కోయడం పొదుపు కోసం కాదు. చెక్క ఆరేకొద్దీ అడ్డంగా కుదించుకుపోతుంది. ఎత్తులు సమానమైతే కొన్నాళ్లకు ప్లేటు అంచు పైకి తేలి, పైకప్పు బరువు నేరుగా దాని మీద కూర్చుంటుంది.

మరి అంతే ఉక్కును రెండు ముక్కలు చేసి దూలానికి పైనా కిందా వేస్తే? ఉక్కు నుంచి వచ్చే బిగువు నాలుగు రెట్లవుతుంది. కానీ అప్పుడు చెక్క మీద ప్లేటు జారకుండా దూలం పొడవునా దగ్గర దగ్గరగా స్క్రూలు దిగాలి, మంట వస్తే ఉక్కుకు కప్పూ ఉండదు. నిలువు ప్లేటుకు ఆ జారుడు బాధ లేదు, పక్కకు ఒరిగిపోకుండా చెక్కలే పట్టి ఉంచుతాయి. అక్కడక్కడా కిందకూ పైకీ మార్చి వేసిన బోల్టులు, వాటి తలల కింద వెడల్పాటి వాషర్లు చాలు. నా ఓటు నిలువు ప్లేటుకే. ఒక్క జాగ్రత్త: తుమ్మలాంటి టానిన్ ఎక్కువున్న చెక్కతో, తేమ తగిలేచోట, గాల్వనైజ్ చేయని ఇనుము వాడొద్దు.

చాలామంది పట్టించుకోనిది కాలం. పాత పెంకుటిళ్లలో దూలం నడుమ కుంగి ఉండడం మనకు తెలిసిందే. ఏళ్ల తరబడి బరువు మోసే చెక్క మెల్లగా సాగుతూ పోతుంది, ఉక్కు సాగదు. చెక్క వదిలేసిన వాటా ఉక్కు మీదికి వస్తుంది. పైన చెప్పిన దూలంలో బరువంతా ఎప్పుడూ ఉండేదే అయి, చెక్క గుణకం సగానికి పడిపోయిందనుకుంటే, ప్లేటు వాటా 48 నుంచి 65 శాతానికి పెరుగుతుంది. కట్టిన రోజున ఉక్కులో 142 మెగాపాస్కల్ ఉన్న ప్రతిబలం 192కు చేరుతుంది. 250 దగ్గర లొంగిపోయే మామూలు ఉక్కుకు మన పాత లెక్కల పద్ధతి అనుమతించేది 165 మాత్రమే. దూలం వెంటనే కూలదు గానీ, ఉండాల్సిన భద్రత తరిగిపోయినట్టే.

అందుకే లెక్క రెండుసార్లు వేయాలి: మొదటి రోజుకు ఒకటి, చెక్క అలసిపోయిన రోజుకు ఒకటి. ప్లేటు 12 మి.మీ. చేసినా రెండో లెక్కలో ఉక్కు ప్రతిబలం 170 దగ్గరే ఆగుతుంది. 16 మి.మీ. వేస్తే 138కి దిగుతుంది, కానీ అప్పుడు ప్లేటొక్కటే వంద కిలోలు. గోడల మీదికి దాన్ని ఎక్కించేది ఎలాగో మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి.