సినిమాలో ‘వాడు’, ఆటలో ‘నేను’

సోమవారం తెలుగు పీరియడ్‌లో ‘నిన్న సెలవుకు ఏం చేశారు?’ అని అడిగాను. ఒకడు సినిమా కథ చెప్పాడు: ‘హీరో వచ్చాడు సార్, విలన్‌ని కొట్టాడు.’ పక్కవాడు ఫోన్‌లో ఆడిన ఆట చెప్పాడు: ‘కోటలోకి వెళ్ళాను సార్, తాళంచెవి దొరకలేదు, చచ్చిపోయాను. మళ్ళీ వెళ్ళాను.’

మొదటిది ప్రథమ పురుష, రెండోది ఉత్తమ పురుష. సినిమాకూ వీడియో గేమ్‌కూ ఉన్న తేడా ఆ క్రియల చివర్లోనే ఉంది.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలియదు. నవ్వు అక్కడే పుడుతుంది. ఎవరికి ఏది ఎప్పుడు తెలియాలో దర్శకుడు కె.వి. రెడ్డి ముందే నిర్ణయించారు. అందుకే తాతా మనవడూ ఒకేచోట నవ్వుతారు.

పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో ‘రాజీ’ అనే ఆట తెచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూను వెతుక్కుంటూ అక్క రాజీ బయలుదేరుతుంది. మధ్యమధ్య కథను మన తోలుబొమ్మలాటలా నీడబొమ్మలతో చెబుతారు. గోడల మీది చిత్రాల దగ్గర ఆగితే పురాణ కథలు వినవచ్చు. ఆగకపోతే లేదు. ఎవరు ఆడినా ముగింపు ఒకటే. కానీ రాజీ పడిపోతే పిల్లలు ‘అది పడింది’ అనరు, ‘నేను పడ్డాను’ అంటారు.

ఇది మనకు కొత్త కాదు. వైకుంఠపాళిలో పాము మింగితే మన అవ్వలు కూడా ‘నేను దిగిపోయాను’ అనే అన్నారు. అక్కడ నడిపించేది పందెం, ఇక్కడ పిల్లవాడి చెయ్యి.

అన్ని ఆటల్లోనూ కథ ఉండదు. కాల్చడం, డబ్బు కట్టించుకోవడం తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. ఏ ఆట, ఎంతసేపు అన్నది పెద్దలు చూసుకోవలసిందే.

నా దిగులు మరొకటి. బాగాయంలోనైనా గుడియాత్తంలోనైనా మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫోన్‌లో ఇంగ్లీషు. తానే నడిచిన కథను చెప్పడానికి పిల్లవాడికి తెలుగు మాట దొరకకపోతే, తెలుగు వాడికి పరీక్ష కాగితం మీద మాత్రమే మిగులుతుంది.

అందుకే ఆ ఇద్దరికీ ఒక పని ఇచ్చాను. ఆట కథను ‘నేను’తో రాయాలి, తర్వాత ‘వాడు’గా మార్చాలి. ‘ఎడమ తలుపు తీసి ఉంటే ఏమయ్యేది?’ అన్నదానికి మరో రెండు వాక్యాలు. వ్యాసమంటే మూడు వాక్యాలతో ఆగిపోయే పిల్లవాడు పేజీ నింపాడు. చేదర్థకం నేను చెప్పకుండానే వచ్చేసింది.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి ఫోన్ తీసుకునే ముందు ఒక్క మాట అడగండి: ‘తర్వాత ఏమైంది నాయనా?’ జవాబు తెలుగులో రానివ్వండి.