చుక్క తర్వాతి అంకె: సెంటా, గుంటా?



చాతంలో తెలుగు చదువుకునే మనలో కొందరి సొంతూరు శ్రీకాకుళం వైపు, కొందరిది తెలంగాణ, మరికొందరిది నెల్లూరు వైపు. అమ్మానాన్నల బదిలీలతో మనం ఊళ్లు మారుతూ ఉంటాం. ఊళ్లో ఉన్న పొలం, ఇంటి స్థలం మాత్రం కదలవు. వాటి కబుర్లు ఫోనులో వినబడుతుంటాయి: "రెండు వందల గజాలు", "ముప్పై సెంట్లు", "పది గుంటలు". మన గణిత పుస్తకంలో ఉండేవేమో చదరపు మీటరు, హెక్టారు. ఈ కొలతలను ఒకదాని నుంచి మరొకదానికి ఎలా మార్చాలో చూద్దాం.

ముందుగా గజం

స్థలాల లెక్కలో గజం అంటే చదరపు గజమే. పొడవు 3 అడుగులు, వెడల్పు 3 అడుగులు, అంటే 9 చదరపు అడుగులు. ఒక చదరపు మీటరు సుమారు 10.76 చదరపు అడుగులు, అంటే దాదాపు 1.2 గజాలు.

సెంటు, గుంట

రెండూ ఎకరంలో భాగాలే. ఎకరం అంటే 4,840 గజాలు. దాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కొక్కటి సెంటు. 40 భాగాలు చేస్తే ఒక్కొక్కటి గుంట.

1 సెంటు = 48.4 గజాలు = 435.6 చదరపు అడుగులు = సుమారు 40.5 చదరపు మీటర్లు
1 గుంట = 121 గజాలు = 1,089 చదరపు అడుగులు = సుమారు 101 చదరపు మీటర్లు
1 గుంట = 2.5 సెంట్లు
1 హెక్టారు = సుమారు 2.47 ఎకరాలు

అంకెలు గుర్తుండకపోతే ఆటస్థలం గుర్తుంచుకోండి. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. అది సుమారు 2 సెంట్లు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. అది సుమారు 4 సెంట్లు. క్రికెట్ పిచ్‌లో వికెట్ల మధ్య దూరం 22 గజాలు. అంత పొడవు, అంతే వెడల్పు ఉన్న చతురస్రం గీస్తే సరిగ్గా 10 సెంట్లు, అంటే 4 గుంటలు. ఇది యాదృచ్ఛికం కాదు. 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ రూపొందించిన సర్వే గొలుసు పొడవు కూడా 22 గజాలే. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉన్న నేలే ఎకరం.

ఇప్పుడు ఒక లెక్క. 60 చదరపు మీటర్ల క్వార్టర్ ఎన్ని సెంట్లు? 60ని 40.5తో భాగిస్తే 1.48. అంటే దాదాపు ఒకటిన్నర సెంటు. గజాల్లో చెప్పాలంటే సుమారు 72.

ఊరిని బట్టి మారే కొలతలు

నెల్లూరు, తిరుపతి వైపు ఇళ్ల స్థలాలను అంకణాల్లో చెబుతారు. అంకణం కొన్నిచోట్ల 36 చదరపు అడుగులు, కొన్నిచోట్ల 72. కాబట్టి "ఎన్ని అంకణాలు?" అని అడగగానే "మీ దగ్గర అంకణం ఎంత?" అని కూడా అడగాలి. గోదావరి వైపు పెద్దలు పొలాన్ని కుంచాల్లో చెప్పడం వినవచ్చు. కుంచం నిజానికి ధాన్యం కొలిచే పాత్ర. ఎంత విత్తనం పడుతుందో దాన్ని బట్టి నేలను లెక్కించిన కాలం నాటి మాట అది.

అసలు జాగ్రత్త ఇక్కడ

ఒకప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్న కోస్తా, రాయలసీమల్లో ఎకరాలు–సెంట్ల లెక్క స్థిరపడింది. నిజాం పాలనలో ఉన్న తెలంగాణలో ఎకరాలు–గుంటల లెక్క. రెండుచోట్లా రాసేటప్పుడు మధ్యలో చుక్కే పెడతారు. చిక్కంతా ఆ చుక్కతోనే.

పట్టాదారు పాసుపుస్తకంలో 2.20 అని ఉందనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో అది 2 ఎకరాల 20 సెంట్లు. తెలంగాణలో 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు! తేడా 30 సెంట్లు, అంటే 1,452 గజాలు. ఏడున్నర వాలీబాల్ కోర్టులంత నేల.

కూడిక కూడా మారుతుంది. 1.25కు 1.25 కలిపితే సెంట్లలో 2.50. గుంటల్లో అయితే 25, 25 కలిసి 50 గుంటలు. అందులో 40 గుంటలు ఒక ఎకరం అవుతాయి. కాబట్టి జవాబు 3.10. గుంటల లెక్కలో చుక్క తర్వాత 39 దాటి అంకె రాదు. 2.39 తర్వాత వచ్చేది 3.00. గంటలు, నిమిషాలు కలిపినట్టే దీన్నీ కలపాలి. మామూలు కాలిక్యులేటరుకు ఈ సంగతి తెలియదు.

దూరాన ఉండి, కాగితం మీది అంకెలు చూసి అమ్మకాలకు, పంపకాలకు సరేననే కుటుంబాలు మనవి. అందుకే చుక్క తర్వాతి అంకె సెంట్లా, గుంటలా అని ముందే అడగాలి. ఇంట్లో ఆ ప్రశ్న మీరే అడగవచ్చు.

చేసి చూడండి

మూడు ఎకరాలను నలుగురు అన్నదమ్ములు సమానంగా పంచుకున్నారు. ఒక్కొక్కరి వాటాను ఆంధ్రప్రదేశ్‌లో ఎలా రాస్తారు? తెలంగాణలో ఎలా రాస్తారు?

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో 0.75, తెలంగాణలో 0.30. నేల మాత్రం రెండుచోట్లా ఒక్కటే, 3,630 గజాలు.