ఏ యాడ్ పనిచేసిందో తెలియాలంటే యూజర్ల వెంట పడక్కర్లేదు!

మీరు సొంతంగా వెబ్‌సైట్ పెట్టి మొబైల్ కవర్లు అమ్ముతున్నారనుకుందాం. ఒకే లింక్‌ని ఇన్‌స్టాగ్రామ్ యాడ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో, ఈమెయిల్స్‌లో పెట్టారు. జనం వచ్చారు సరే, ఎక్కడి నుంచి వచ్చారు? వాట్సాప్ లాంటి యాప్‌ల నుంచి వచ్చే క్లిక్‌లు చాలాసార్లు "డైరెక్ట్" ఖాతాలో పడిపోతాయి. ఇక యాడ్‌కి పెట్టిన డబ్బు పనిచేసిందో, దండగైందో ఎలా తెలుస్తుంది?

ఇక్కడే యూటీఎం ట్యాగ్‌లు పనికొస్తాయి. యూటీఎం అంటే అర్చిన్ ట్రాకింగ్ మాడ్యూల్. అర్చిన్ కంపెనీని గూగుల్ 2005లో కొని, అదే ఏడాది గూగుల్ అనలిటిక్స్ తెచ్చింది. ట్యాగ్‌కి ఆ పాత పేరే మిగిలింది. లింక్ చివర ప్రశ్నార్థకం పెట్టి మూడు విషయాలు రాస్తే చాలు: సోర్స్ (ఇన్‌స్టాగ్రామ్), మీడియం (యాడ్), క్యాంపెయిన్ (దసరా ఆఫర్). అంటే ట్యాగ్ తగిలించేది లింక్‌కే, మనిషికి కాదు.

అందుకే కుకీలు వాడని అనలిటిక్స్‌లో కూడా ఇది చక్కగా పనిచేస్తుంది. ఉదాహరణకి ప్లాసిబుల్ తీసుకోండి. ఐపీ అడ్రస్, బ్రౌజర్ వివరాలకి రోజూ మారే ఒక రహస్య సంఖ్య కలిపి ఒక కోడ్ తయారుచేస్తుంది. ఐపీ అడ్రస్‌ని దాచుకోదు. మటోమోలో అయితే కుకీలు ఆపేసే సెట్టింగ్ ఉంది, మీ సొంత సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు కూడా.

మరి మైనస్ లేదా? ఉంది. ప్లాసిబుల్‌లో కోడ్ రోజూ మారుతుంది కాబట్టి, నిన్న వచ్చినవాళ్లే ఇవాళ మళ్లీ వస్తే కొత్తవాళ్లుగా లెక్క. యాడ్ చూసి వచ్చి, మూడు రోజుల తర్వాత నేరుగా సైట్‌కి వచ్చి కొంటే, ఆ క్రెడిట్ యాడ్‌కి దక్కదు. క్యాంపెయిన్‌లను పోల్చడానికి మాత్రం ఈ లెక్క సరిపోతుంది.

ట్యాగ్‌లు పెట్టేటప్పుడు ఈ మూడూ గుర్తుంచుకోండి:

* ఎప్పుడూ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడండి. ఒకచోట పెద్ద అక్షరం పడితే రిపోర్ట్‌లో రెండు వేర్వేరు సోర్స్‌లుగా కనిపించొచ్చు.
* మీ సైట్ లోపలి లింకులకి ట్యాగ్ పెట్టకండి. అసలు సోర్స్ లెక్క చెడిపోతుంది.
* కస్టమర్ ఫోన్ నంబర్, ఈమెయిల్ ట్యాగ్‌లో అస్సలు పెట్టొద్దు. ఆ లింక్‌ని వాళ్లు ఎవరికైనా ఫార్వర్డ్ చేస్తే నంబర్ కూడా వెళ్లిపోతుంది. అప్పుడు కుకీలు లేని టూల్ వాడినా ప్రైవసీ పోయినట్టే!