ఆటపై అభిప్రాయమును తూచుట ఎట్లు?

వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలోని ఏ ఉన్నత పాఠశాలలోనైనను విరామ సమయమున విద్యార్థుల సంభాషణ వినినచో వీడియో ఆటల ప్రస్తావన రాక తప్పదు. ఒకరు ఒక ఆటను ఆకాశమునకు ఎత్తుదురు. మరియొకరు అదే ఆటను పనికిమాలినదని తీసివేయుదురు. ఇది క్రొత్త అలవాటు కాదు. అరుగులమీద పులిజూదము ఆడువారును మూడు పులుల పక్షము మేలా, పదునైదు మేకల పక్షము మేలా అని వాదించుకొనువారే. అయితే ఈ అభిప్రాయములలో దేనిని ఎంతవరకు నమ్మవచ్చును? అభిప్రాయమును తూచుటకు శాస్త్రీయమైన పద్ధతి ఏదైన కలదా?

తెరమీద ఆట పుట్టుక

1958వ సంవత్సరము అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బాథమ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు సందర్శకుల వినోదము కొరకు ఆసిలోస్కోపు తెరమీద టెన్నిసు ఆటను ఏర్పాటు చేసెను. దానిని ఆడుటకు జనము బారులు తీరిరి. 1972లో అటారీ సంస్థవారి పాంగ్ అను ఆట వెలువడినది. నేడు అటువంటి యంత్రము ప్రతివారి జేబులోను ఉన్నది. ఆటలు వేలకొలది పెరుగుటచే, దేనిని ఆడవలెనో నిర్ణయించుకొనుటకు తోటి ఆటగాండ్ర మాటయే ఆధారమైనది.

ఒక అభిప్రాయములో మూడు అంశములు

"ఆట బాగున్నది" అను మాటలో మూడు వేర్వేరు విషయములు కలిసియుండును.

మొదటిది యంత్రము. తెరమీద బొమ్మలు సెకనుకు 60 చొప్పున మారినచో ఒక్కొక్క బొమ్మ సుమారు 17 మిల్లీసెకనులు నిలుచును. 30 చొప్పున మారినచో 33 మిల్లీసెకనులు నిలుచును. పాత ఫోనులో ఈ వేగము ఇంకను తగ్గి, వ్రేలు కదలిన కొంతసేపటికిగాని తెరమీద కదలిక కనబడదు. దీనినే పిల్లలు 'ల్యాగ్' అందురు. అట్టి ఫోనులో ఆడి ఆటను నిందించువాడు నిజముగా నిందించుచున్నది తన ఫోనును.

రెండవది ఆట నియమము. వైకుంఠపాళిలో గెలుపు పూర్తిగా పాచిక పాటుపై ఆధారపడును. అష్టాచెమ్మాలో అదృష్టముతోపాటు ఆలోచనయు కొంత ఉండును. చదరంగములో అంతయు ఆలోచనయే. ఏ వీడియో ఆటనైనను ఈ కొలబద్దతో పరీక్షింపవచ్చును.

మూడవది ఆడువాని నైపుణ్యము. ఆట కష్టము నైపుణ్యమును మించినచో ఆందోళనయు, నైపుణ్యము కష్టమును మించినచో విసుగును కలుగునని మిహాయి చిక్సెంట్‌మిహాయి అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1975లో వివరించెను. కావున ఒకే ఆట ఒకరికి రుచించి మరొకరికి రుచింపకపోవుటలో వింత లేదు.

సగటు చేయు మోసము

అభిప్రాయములను నక్షత్రములుగా మార్చి సగటు చూపుట నేటి ఆచారము. ఒక ఆటకు ఐదుగురు మార్కులు వేసిరనుకొందము. నలుగురు 5 చొప్పునను, ఒకరు 4ను ఇచ్చిరి. మొత్తము 24, సగటు 4.8. వేరొక ఆటకు 500 మంది మార్కులు వేయగా సగటు 4.3 వచ్చినది. మొదటిదే మేలని తోచును. కాని ఇప్పుడు ప్రతి ఆటకును ఒక్కొక్కరు వచ్చి 1 చొప్పున వేసిరనుకొందము. మొదటి ఆట సగటు 25ను 6చే భాగింపగా సుమారు 4.17కు పడిపోవును. రెండవదాని సగటు 4.29 వద్దనే నిలుచును. కొద్దిమంది మాటపై నిలిచిన సగటు ఒక్క మాటకే చలించును.

మరియొక చిక్కు కలదు. పదిమందియు 3 చొప్పున ఇచ్చినను సగటు 3. ఐదుగురు 5, ఐదుగురు 1 ఇచ్చినను సగటు 3. మొదటి ఆట అందరికిని సామాన్యము. రెండవది సగము మందికి ప్రాణము, సగము మందికి విషము. కావున సగటుతోపాటు మార్కులు ఎట్లు పంచబడినవో కూడ చూడవలెను.

నలుగురిలో చెప్పు మాట

1951లో సోలొమన్ ఆష్ అను శాస్త్రజ్ఞుడు గీతల పొడవులను పోల్చు తేలికైన ప్రశ్నను కొందరిని అడిగెను. ముందుగా నియమింపబడిన వారందరు తప్పు జవాబు చెప్పగా, ప్రయోగమునకు వచ్చినవారిలో సుమారు నాలుగింట మూడువంతుల మంది ఒక్కసారియైనను ఆ తప్పుకే తలయూపిరి. గీతల విషయములోనే ఇట్లుండగా, ఆటల రుచి విషయములో చెప్పనేల? తరగతిలో పేరున్నవాడు ముందుగా మెచ్చుకొనిన ఆటను తక్కినవారు కాదనుట కష్టము.

పొగడ్తకు లొంగని సంఖ్య

వరంగల్లులో 2003లో జన్మించిన అర్జున్ ఎరిగైసి 2018లో చదరంగమున గ్రాండ్‌మాస్టరు అయ్యెను. 2024 డిసెంబరులో ప్రకటింపబడిన ప్రపంచ చదరంగ సమాఖ్య పట్టికలో అతని రేటింగు 2801. అంతకు పూర్వము 2800 దాటిన భారతీయుడు విశ్వనాథన్ ఆనంద్ ఒక్కడే. ఈ రేటింగు పద్ధతిని రూపొందించినవాడు ఆర్పాడ్ ఈలో అను భౌతిక శాస్త్ర ఆచార్యుడు. సమాఖ్య దీనిని 1970లో స్వీకరించెను. ఎదుటివానికంటె 200 పాయింట్లు ఎక్కువగా ఉన్నవాడు ప్రతి 100 ఆటలకు సుమారు 76 పాయింట్లు సాధించునని ఇందలి లెక్క. అంతకు మించి సాధించిన రేటింగు పెరుగును, తగ్గిన తగ్గును. ఇది ఫలితములనుండి పుట్టిన సంఖ్య. ఎవరి మెప్పుకోలును దానిని పెంపలేదు. నక్షత్రముల సంఖ్య అట్టిది కాదు. రెండును సంఖ్యలే అయినను వాని పుట్టుక వేరు.

గెలిచినవాడే మాట్లాడును

డబ్బు పందెపు ఆటల విషయములో ఈ విచక్షణ మిక్కిలి అవసరము. గెలిచినవాడు పదిమందికి చాటును. ఓడినవాడు ఇంటిలోనైనను చెప్పడు. అందుచేత మన చెవికి వినబడునవి గెలుపు కథలే. మరియు బహుమానము ఎప్పుడు వచ్చునో తెలియని స్థితిలో ప్రాణులు ఒక పనిని విడువక చేయుచుండునని బి. ఎఫ్. స్కిన్నర్ పావురములు మొదలగువానిపై చేసిన ప్రయోగములు చూపినవి. మరల ఆడవలెనను తహతహ వేరు, ఆట బాగుండుట వేరు. తన ఆటను అదుపు చేసికొనలేక, చదువు సంధ్యలు చెడుచున్నను మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగముల వర్గీకరణలో చేర్చినది. అది 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లో నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటును దేశమంతటికి అట్టి చట్టము చేసినది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు విద్యార్థులకు తలకొక చీటీ ఇచ్చి, ఎవరితోను మాట్లాడకుండ ఈ క్రింది విషయములు వ్రాయింపవలెను: ఆట పేరు, ఏ ఫోనులో ఆడినది, ఎన్ని దినములు ఆడినది, 1 నుండి 5 వరకు మార్కు, ఆట ముగించిన పిమ్మట తృప్తి కలిగినదా లేదా. మధ్యలో మానివేసిన వారిచేతను తప్పక వ్రాయింపవలెను. పిమ్మట నల్లబల్లపై మార్కుల పట్టికను, స్తంభముల పటమును గీసి, సగటు కట్టవలెను. చివరకు చర్చ జరిపి, చర్చ తరువాత మరల మార్కులు వేయించి, అవి ఎంత మారినవో పోల్చి చూడవచ్చును. అప్పుడు విద్యార్థులకు ఆటల సంగతియేగాక, ఇతరుల మాటను ఏ మేరకు నమ్మవచ్చునో కూడ తెలియును.